ఊటయొద్దకు వెళ్లిన ప్రవక్త



యెరికో పట్టణస్థులు ఎలీషాయొద్దకు వచ్చి తమ బాధ చెప్పుకొనిన సంగతి రెండవ రాజుల గ్రంథము 2వ అధ్యాయములో చదువుదుము. ఊరు చూచుటకు రమ్యముగానే యున్నది, నీళ్లు మాత్రము మంచివి కావు. నేల నిస్సారమని మన తెలుగు బైబిలులో నున్నచోట హెబ్రీ మాటకు గర్భములు నిలువవను అర్థమును కలదు. ఎవరు పాపము చేసిరని ప్రవక్త వారిని అడుగలేదు. క్రొత్త పాత్రలో ఉప్పు తెమ్మని, ఇంటింటి కుండలయొద్దకు గాక ఊటయొద్దకే వెళ్లి అందులో వేసెను. ఆ ఉప్పులో అయొడిన్ యుండెనని మేము చెప్పబోవుటలేదు, స్వస్థపరచినది దేవుడే. అయితే ఆయన దాసుడు కీడును దాని మొదటియొద్ద వెదకెను.

మేము అట్లు చేయలేదు. కొన్నియేండ్ల క్రిందట ఒడిశా కొండప్రాంతములో మన తెలుగు కుటుంబమొకదానిని దర్శించితిమి. ఆ యింటి కోడలు మెడచుట్టు పైట కప్పుకొని మా యెదుట కూర్చుండెను. గొంతు వాచియున్నది. రెండు కాన్పులు పోయినవి. అత్తగారు ఆమె జాతకమును తిట్టుచుండగా మేము విశ్వాసమునుగూర్చి మాటలాడి, ప్రార్థించి, టీ త్రాగి వచ్చితిమి. ఆ వంటింటిలోని ఉప్పు ఏదని ఒక్కరమును అడుగలేదు. గొంతువాపునకును పోయిన కాన్పులకును అదే కారణమని ఇప్పుడును చెప్పలేము. అడుగనైతిమే అన్నదే మా బాధ.

గొంతులోని థైరాయిడ్ గ్రంథి తన హార్మోనును అయొడిన్‌తో తయారుచేయును. అది చాలనప్పుడు మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి ఇంకను చేయుమని దానిని తొందరపెట్టగా అది ఉబ్బును; దీనినే గాయిటర్ అందురు. వానలును వరదలును అయొడిన్‌ను కడిగివేసిన నేలలో పండిన పంటలోను అది కొరతే. మెడవాపు కంటికి కనబడును. కడుపులోని బిడ్డకు కలుగు నష్టము కనబడదు. తొలి నెలలలో ఆ శిశువు మెదడు తల్లి హార్మోనుమీదనే ఆధారపడును. కొరత మిక్కుటమైనయెడల గర్భస్రావములు, మృతశిశువులు, బుద్ధిమాంద్యముగల బిడ్డలు కలుగవచ్చును.

దీని మొదటిని వెదకినవారిలో మనవాడొకడున్నాడు. శ్రీకాకుళములో 1921లో జన్మించి, విశాఖపట్టణములో వైద్యము చదివి, ఢిల్లీలో స్థిరపడిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆయనయు తోడివైద్యులును 1956లో హిమాలయముల క్రింది కాంగ్రా లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును పంపించిరి. 1962లో మరల చూడగా అయొడిన్ ఉప్పు తినినచోట్ల గాయిటర్ బాగుగా తగ్గెను. పిమ్మట మూడవ భాగమునకును అదే ఉప్పు ఇచ్చిరి. ఆ మూడవ భాగపు తల్లుల సంగతి తలంచినప్పుడు మాకు మనస్సు కలుక్కుమనును. అయినను ఆ రుజువువలన దేశమంతయు మేలు పొందెను. గాయిటర్ నివారణకు జాతీయ కార్యక్రమము 1962లోనే ఆరంభమాయెను.

సముద్రతీరమున నున్నవారికి ఈ కొరత లేదనుకొనవద్దు. తినుటకు అయొడిన్ లేని ఉప్పు అమ్మరాదను నిషేధమును 2000లో ఎత్తివేసి, 2006లో మరల విధించిరి. అయినను పచ్చళ్లకని తెచ్చిన రాళ్ల ఉప్పు మన యిండ్లలో పులుసులోనికిని వచ్చుచున్నది. అయొడిన్ ఉన్నదని పొట్లముమీద వ్రాసియున్నదో లేదో చూడుడి. మూతగల డబ్బాలో, చెమ్మయు ఎండయు తగులకుండ ఉంచుడి. ఉప్పు కడుగవద్దు, కూర దించబోవునప్పుడు వేయుడి. ఎక్కువ వేయుమని మేము చెప్పుటలేదు. పెద్దవారికి దినమునకు 5 గ్రాములలోపే మేలు, రక్తపోటు గలవారు మరి జాగ్రత్త. పెద్దలకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములే, గర్భవతికి 250.

థైరాయిడ్ వ్యాధులన్నియు ఉప్పువలన వచ్చునవి కావు. శరీరము తన గ్రంథిమీద తానే తిరుగబడుటవలన వచ్చునవియు కలవు. మాత్రలు వాడుచున్న సహోదరీలు ఈ వ్యాసము చదివి వాటిని మానవద్దు. గొంతు వాచినవారు వైద్యునికి చూపించుకొని రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఆ కోడలు తరువాత పట్టణములో వైద్యము పొందినదని వింటిమి. బిడ్డ కలిగెనో లేదో మాకు తెలియలేదు. ఇప్పుడు గృహదర్శనమునకు వెళ్లునప్పుడు మాలోని సహోదరీలు ప్రార్థనకు ముందు వంటింటిలోనికి వెళ్లి ఉప్పు డబ్బా చూచుచున్నారు. కొందరు నవ్వుదురు, కొందరు నొచ్చుకొందురు. మొన్న ఒక సంఘములో ప్రేమవిందుకు కొనిన మూటను విప్పి చూడగా అదియు రాళ్ల ఉప్పే.