అప్రయుక్త శబ్దాల అన్వేషణ

పాణిని సూత్రాలకూ కాత్యాయనుడి వార్తికాలకూ వ్యాఖ్యగా క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దంలో మహాభాష్యం రచించిన పతంజలి, ఆ గ్రంథంలోని మొదటి పాఠమైన పస్పశాహ్నికంలో ఒక పూర్వపక్షాన్ని ప్రస్తావిస్తాడు. లోకంలో ఎవరూ పలకని మాటలను శాస్త్రం పనిగట్టుకొని ఎందుకు సాధించాలన్నది ఆ ఆక్షేపణ. నివసించారు, దాటారు, చేశారు, వండారు అనే అర్థాలలో మధ్యమపురుష బహువచనానికి ఊష, తేర, చక్ర, పేచ అనే రూపాలు వ్యాకరణసిద్ధమైనా, జనం వాటి జోలికి పోక కృదంతాలతో, అంటే ధాతువుకు ప్రత్యయం చేరగా ఏర్పడిన నామరూపాలతో, పని జరుపుకుంటున్నారు. ఇటువంటివి అప్రయుక్తాలు, సాధువులే అయినా వాడుకలో లేని శబ్దాలని ఆ మాటకు అర్థం. ఈ ఆక్షేపణ వ్యాకరణానికి సంబంధించినదే అయినా దాని వెనుక ధర్మవిచారం ఉంది. అరుదైన మాటను వెదికి పట్టుకోవడంలో కలిగే ఆనందం శ్రేయస్సుకు దారితీసేదా, లేక పండితుడి వ్యసనమా అన్నది అక్కడ తేలవలసిన విషయం.

పతంజలి మొదట పూర్వపక్షిని అతని మాటతోనే నిలవేస్తాడు: అప్రయుక్తమని చెప్పడానికైనా ఆ శబ్దాన్ని అతడు ప్రయోగించక తప్పలేదు. తరువాత అసలు సమాధానం విస్తారంగా వస్తుంది. శబ్దం వ్యవహరించే క్షేత్రం చాలా పెద్దది. ఏడు ద్వీపాల భూమి, మూడు లోకాలు, అంగాలతో కూడిన నాలుగు వేదాలు, వాటి శాఖలు, ఇతిహాస పురాణాలు, వైద్యం అన్నీ అందులోవే కాబట్టి, అంతటా వెదకకుండా ఒక మాట లేదనడం సాహసమే అవుతుంది. శవతి అనే క్రియను వెళ్ళడమనే అర్థంలో కంబోజ దేశస్థులే వాడతారనీ, ఆర్యులలో ఆ ధాతువు నుంచి పుట్టిన శవ శబ్దం మాత్రమే నిలిచిందనీ, కోయడాన్ని చెప్పే దాతి అనే క్రియ తూర్పువారిలోనూ, కోసే సాధనాన్ని చెప్పే దాత్ర శబ్దం ఉత్తరాదివారిలోనూ ఉన్నాయనీ ఆయన వివరిస్తాడు. మరొక సందర్భంలో దక్షిణాపథంలో పెద్ద సరస్సులను సరసీ అంటారని కూడా గుర్తుచేస్తాడు. చివరకు ఊష, చక్ర అనే రూపాలను వేదమంత్రాలలోంచే ఎత్తి చూపుతాడు. ఎక్కడా లేదన్నది అత్యంత పవిత్రమైన చోట దొరికిందన్న ఉత్సాహం శాస్త్రచర్చల నడుమ కూడా దాగదు.

దీనికి తోడుగా ఆయన దీర్ఘసత్రాల ప్రసక్తి తెస్తాడు. సత్రమంటే అనేకులు కలిసి చేసే దీర్ఘకాల యాగం. వంద సంవత్సరాలు, వేయి సంవత్సరాలు సాగే సత్రాలను ఆయన కాలానికే ఎవరూ చేయడం లేదు; అయినా ఋషి సంప్రదాయాన్ని నిలపడం ధర్మమన్న బుద్ధితో యాజ్ఞికులు వాటిని శాస్త్రంలో విధిస్తూనే ఉన్నారు. వాడుక పోయినంత మాత్రాన అధ్యయనం పోనక్కరలేదన్న ఈ నిర్ణయం చాలా గంభీరమైనది. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి వెళ్ళి చేసిపెట్టమంటాడు గాని, మాట కావలసినవాడు వైయాకరణుడి ఇంటికి వెళ్ళి చేసిపెట్టమనడన్న పతంజలి వాదాన్ని దీనితో కలిపి చదవాలి. శబ్దం నిత్యం, అంటే ఎవరూ పుట్టించనిది. అందువల్ల అరుదైన మాటను చూసినవాడు దానికి ద్రష్ట మాత్రమే, కర్త కాడు. కర్తృత్వమే లేనప్పుడు సొంతమన్న అభిమానానికి చోటెక్కడిది?

అంతటా వెదకమన్న ఆదేశం తెలుగులో ఆలస్యంగా, కాని శ్రద్ధగా అమలయింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, కావ్యప్రమాణాలను పక్కనపెట్టి రైతుల నోట వినిపించే వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేసింది; తరువాతి సంపుటం చేనేతకు కేటాయించారు. గ్రంథాలలో కనబడని మాట పొలంలో నిత్యప్రయుక్తమని తెలియడం భాష్యకారుడి వాదానికి బలమైన నిదర్శనం.

అయితే ధర్మం శబ్దాన్ని తెలుసుకోవడంలో ఉందా, ప్రయోగించడంలో ఉందా అన్న విచారం కూడా పస్పశాహ్నికంలోనే ఉంది. జ్ఞానంలోనే ధర్మమంటే అపశబ్దాలు తెలియడం వల్ల అధర్మం కూడా కలగాలి; ప్రయోగంలోనే అంటే శాస్త్రం చదవకుండా సరిగా పలికేవారందరికీ సమాన ఫలం దక్కాలి. అందుచేత శాస్త్రం తెలిసి చేసే ప్రయోగం వల్లనే అభ్యుదయమని ఒక పరిష్కారం సూచితమయింది. ప్రయోగమంటే వినేవాడొకడు ఉండాలి. అన్వేషణ ఒంటరిగా సాగినా దాని ఫలం ఇద్దరి మధ్యనే పండుతుందన్న అర్థం దీనిలో ఇమిడి ఉంది.

ఆ వినేవాడిని మరచినప్పుడు ఏమవుతుందో అలంకారశాస్త్రం చెప్పింది. పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో అప్రయుక్తాన్ని పదదోషాలలో చేర్చాడు. దైవత శబ్దానికి నిఘంటువు పుంలింగాన్ని కూడా అనుమతించినా కవులు ఆదరించలేదు గనుక ఆ ప్రయోగం దోషమని ఆయన ఉదాహరణ. ఒక్క శాస్త్రంలోనే ప్రసిద్ధమైన పదాన్ని కావ్యంలో వాడటం అప్రతీతమనే మరొక దోషం. యోగశాస్త్రంలో వాసనలను, అంటే మనసులో నిలిచిపోయిన సంస్కారాలను, తెలిపే ఆశయ శబ్దం అటువంటిది. కాని చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ ఆ శాస్త్రం తెలిసినవారైతే అదే గుణమవుతుందని కూడా ఆయనే అంటాడు. వైయాకరణుడి ఉదారతకూ ఆలంకారికుడి నిషేధానికీ విరోధం ఉన్నట్టు తోచినా, నిజానికి రెండవది మొదటిదానికి హద్దు గీస్తోంది: దోషం పదంలో లేదు, వినేవాడిని లోపలికి రానివ్వకుండా పదాన్ని అడ్డుగా నిలిపిన తీరులో ఉంది. అర్థం విప్పి చెప్పి పంచుకున్న అరుదైన మాట ఆ క్షణం నుంచే ఇద్దరికీ ప్రతీతమవుతుంది.

ఈ పంచుకోవడానికి వైదికమైన పేరు ప్రవచనం. తెలుగునాట విస్తారంగా అధ్యయనంలో ఉన్న తైత్తిరీయ శాఖకు చెందిన ఉపనిషత్తు, శీక్షావల్లిలో ఋతం, సత్యం, తపస్సు, అతిథిసేవ మొదలైన ప్రతి ధర్మానికీ స్వాధ్యాయ ప్రవచనాలను జోడించి, ఆ రెండే చాలునన్న నాక మౌద్గల్యుడి మతాన్ని చివర నిలిపి, అవే తపస్సని చెబుతుంది. అదే ఉపనిషత్తు ఆనందవల్లిలో ఆనందానికి మెట్లు కడుతూ, మనుష్య గంధర్వుల నుంచి బ్రహ్మం వరకు ప్రతి మెట్టు దగ్గరా, కామం చేత దెబ్బతినని శ్రోత్రియుడికి కూడా అంత ఆనందం ఉందని అంటుంది. శ్రోత్రియుడంటే వేదాధ్యయనం చేసినవాడు. అధ్యయనం ఒక్కటే చాలితే కామరాహిత్యాన్ని అన్నిసార్లు చెప్పవలసిన పని లేదు. తెలిసినదానితో ఎదుటివాడిని చిన్నబుచ్చాలన్న కోరిక కూడా కామమే కాబట్టి, పదసంపదను ప్రదర్శనకు పెట్టేవాడికి ఆ మెట్లపై స్థానం ఉంటుందని చెప్పడం కష్టం.

చెప్పడానికి శిష్యుడే లేనివాడి సంగతి ఏమిటన్నది మిగిలిన సందేహం. శంకర భాష్యం దానికి కూడా తావిచ్చింది: స్వాధ్యాయమంటే అధ్యయనమని చెప్పి, ప్రవచనానికి అధ్యాపనమని గాని బ్రహ్మయజ్ఞమని గాని రెండర్థాలు ఇచ్చింది. బ్రహ్మయజ్ఞం గృహస్థుడికి నిత్యవిధులైన పంచ మహాయజ్ఞాలలో ఒకటి. వేదభాగాన్ని రోజూ పఠించి ఋషుల ఋణం తీర్చుకోవడం దాని ప్రయోజనం. ఎదుట ఎవరూ లేకపోయినా ఆ శబ్దం ఎవరి నుంచి వచ్చిందో వారికే తిరిగి చేరుతుంది గనుక, అది కూడా ప్రవచనంగానే లెక్కకు వస్తుంది.