పునర్నిర్మాణంలో ఒక ధర్మసందేహం

పాడుపడిన గుడిని బాగుచేయించడం మన దేశంలో పుణ్యకార్యం. జీర్ణోద్ధరణ జరిగిన ఆలయాన్ని ఎవరూ కొత్త ఆలయమనరు. స్తంభాలు మారవచ్చు, ప్రాకారం మారవచ్చు, గోపురం ఇంకొక కాలపు శైలిలో లేవవచ్చు. అయినా భక్తుని దృష్టిలో అది తాతముత్తాతలు మొక్కిన గుడియే. పురావస్తు శాస్త్రజ్ఞుని మతం వేరు. 1964లో వెనిస్ నగరంలో సమావేశమైన వాస్తుశిల్పులూ, పరిరక్షణ నిపుణులూ ప్రకటించిన నియమావళి, త్రవ్వకాలలో బయల్పడిన కట్టడాలను తిరిగి నిర్మించే ప్రసక్తియే ఉండరాదన్నది. విడిపోయి పడివున్న అసలు భాగాలను మరల కూర్చవచ్చును. అందుకు చేర్చిన కొత్త పదార్థం మాత్రం కొత్తదిగా ఎప్పటికీ గుర్తుపట్టేటట్లు ఉండవలెను. భక్తుడు అతుకు కనబడకూడదని కోరుతాడు. శాస్త్రజ్ఞుడు కనబడి తీరాలంటాడు.

ప్రాచీన గ్రామాలను ఆరుబయట తిరిగి కట్టి చూపే ప్రదర్శనశాలల విషయంలో ఈ వివాదం మరింత చిక్కుపడుతుంది. గుడికి రాళ్లయినా మిగులుతవి. కర్రతో, మట్టితో, గడ్డితో కట్టిన ఇంటికి తరచుగా మిగిలేవి, గుంజలు పాతిన గుంటల మచ్చలు మాత్రమే. ఆ మచ్చలపై గోడ ఎంత ఎత్తు లేచినదో, కప్పు ఏ వాలున దిగినదో, పొగ ఎటు పోయినదో చాలవరకు మనం ఊహించుకోవలసినదే. జర్మనీలో కాన్‌స్టన్స్ సరస్సు తీరాన ఉంటరుల్డింగెన్ అనేచోట 1922 నుండి నీటిలో గుంజలు నాటి అటువంటి ఇళ్లు కడుతూ వచ్చారు. నాజీల పాలనలో ఆ ఊరే జర్మన్ జాతి ప్రాచీన ఘనతను చాటే ప్రచారానికి పనికివచ్చినది. ఊహ కాగితంపై ఉన్నంతకాలం దానిని దిద్దడం సులభం. కలపతో కట్టి, జనాన్ని లోపలికి పిలిచిన తరువాత చూచినవానికి అది ఊహ అని తోచదు.

డెన్మార్కులో 1964లో నెలకొన్న లైర కేంద్రం వారు మరొక దారి త్రొక్కారు. ఇనుపయుగపు ఇంటిని పోలిన ఇల్లు కట్టి, 1967లో బుద్ధిపూర్వకంగా దానికి నిప్పంటించారు. కాలిన ఇల్లు నేలలో ఏ గుర్తులు విడిచిపోతుందో తెలుసుకోవడం వారి ఉద్దేశం. 1992లో ఆ బూడిదను త్రవ్వి చూశారు. తాము కట్టినదానిని తామే తగులబెట్టి పరీక్షించగలిగినవారి మాటపై నాకు గురి కుదురుతుంది.

మన నాగార్జునకొండలో ఈ ప్రశ్న వేరొక రూపంలో ఎదురైనది. కృష్ణాతీరపు ఆ లోయలో మూడు, నాలుగు శతాబ్దుల ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నదని 1926లో బయటపడినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ జలాశయానికి శంకుస్థాపన చేశారు. లోయ మునగవలసి ఉన్నందున 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యవంలో విస్తారంగా త్రవ్వకాలు జరిగినవి. స్తూపాలు, విహారాలు, నదికి దిగే స్నానఘట్టం, మెట్ల వరుసలతో కూడిన క్రీడారంగం వెలుగుచూచినవి. తొమ్మిది కట్టడాలను ఉన్నచోటి నుండి తీసి మరల నిర్మించారు. పధ్నాలుగింటికి నమూనాలు తయారుచేశారు. కొండ ద్వీపమైనది. 1966లో దానిపై ప్రదర్శనశాల వెలసినది.

ఇది జీర్ణోద్ధరణ అనిపించుకోదు. అనుకరణ అనడానికీ వీలులేదు. రాళ్లు అసలువే, స్థలం అసలుది కాదు. త్రవ్వకం చేసేవానికి వస్తువుకంటె వస్తువు దొరికిన చోటు విలువైనది. చోటు తెలియని కుండపెంకు మూగది. కొండవాలుకు చేరిన స్నానఘట్టం తన నదిని పోగొట్టుకున్నది. అయినా ఆ తరలింపును నేను తప్పుపట్టలేను. దానికి ప్రత్యామ్నాయం నీటి అడుగు. పైగా, ఈ కట్టడం ఇక్కడిది కాదని సందర్శకునికి దాచకుండా చెప్పినంతవరకు ఇందులో మోసం లేదు.

నా సందేహం మరొకచోట ఉన్నది. ఆ లోయలో అప్పటికి మనుష్యులు కాపురముంటున్న ఊళ్లు ఉండినవి. వాటి వాకిళ్లు, కల్లాలు, రచ్చబండలు అదే నీటిలో మునిగినవి; జనం వేరుచోట్లకు తరలిపోయారు. పదిహేడు వందల ఏండ్ల ఇటుక కొండ ఎక్కినది. తాత కట్టిన మట్టిగోడ ఎక్కలేదు. ఆ ఎంపికకు కొలత వయస్సు. ఆనకట్ట అక్కరలేదని నేను అనడం లేదు. 1967 నుండి కాలువలలో పారిన ఆ నీటితో ఇరుదరుల లక్షల ఎకరాలు పండుతున్నవి, ఆ అన్నం తినే మనకు అలా అనే అధికారమూ లేదు. కాని నిన్నటి గృహస్థుని కంటె నేటికి లేని రాజుపట్ల మనకు ఎక్కువ ఋణం ఉన్నదని ఏ ధర్మశాస్త్రం చెప్పినది?

ఆ కొండమీద, స్తూపాల నడుమ, మునిగిపోయిన ఊరి ఇల్లు ఒకటి కూడా కట్టవచ్చునని నాకు తోస్తుంది. పశువుల కొట్టంతో, దంచే రోలుతో, దీపపుగూటితో కట్టవలెను. ప్రపంచంలో ఇట్టి ఇళ్లు కట్టినవారిలో ఎక్కువమందికి లేని సౌకర్యం అక్కడ ఇంకా కొద్దికాలం ఉంటుంది. 1955లో పదేండ్ల పిల్లలైనవారు నేడు ఎనభై దాటిన వృద్ధులు. వారిలో ఒక ముసలమ్మను గడప దాటించి తీసుకొనివెళితే, పొయ్యి ఈ మూలన ఉండేది కాదనీ, ద్వారం ఇంకా పొట్టిదనీ, వంగి రావలసి వచ్చేదనీ ఆమె చెప్పగలదు. అప్పుడు దిద్దవచ్చు.