పొరక చూపిన దారి

మడకశిర కోట కొండ కింద ఒక సెట్టికి టోకు అంగడి, దాని వెనక పొడుగాటి గోడౌన్ ఉండేవి. అగళి, రొళ్ల, గుడిబండ, అమరాపురం వైపు చిన్న అంగళ్లవాళ్లు చీటీలు పంపితే, హమాలీ సరుకు ఏరి తెచ్చి వాకిట్లో ఆటోల దగ్గర పెట్టేవాడు.

ఖరీదైన సరుకు కళ్లెదుట ఉండాలని సెట్టి పట్టుదల. అతను చెడ్డవాడు కాడు. దొంగల భయం ఏ వ్యాపారికైనా ఉంటుంది. ఏలకులు, జీడిపప్పు, నెయ్యి డబ్బాలు వాకిలి పక్కన చేరాయి. రాగులు, ఉప్పు, చింతపండు చివరి గోడకు పోయాయి. అక్కడికి 60 అడుగుల నడక. రోజుకు 40 చీటీలు వచ్చేవి, రాగులు లేని చీటీ ఉండేది కాదు. ఒక్క రాగుల కోసమే హమాలీ రోజుకు 4,800 అడుగులు నడిచేవాడు, అందులో సగం వీపున మూటతో. పొద్దు గూకినా ఆటోలు కదిలేవి కావు. హమాలీ సోమరి అనుకుని సెట్టి ఇంకొకణ్ణి పెట్టాడు. ఇరుకు సందులో ఇద్దరూ ఒకరికొకరు అడ్డం పడ్డారు, పని మరింత నెమ్మదించింది.

ఆ ఎండాకాలం ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు గోడౌన్ ఊడ్చింది. వాకిలి పక్క డబ్బాల ముందు దుమ్ము మందంగా పేరుకుని ఉంది. నడిమధ్యన మాత్రం మట్టినేల వాకిలి నుంచి చివరి గోడ దాకా అరిగి, గుట్ట మీది మేకల దారిలా నున్నబడింది. ఆమె పొరక పక్కన పెట్టి చాలాసేపు ఆ దారినే చూసింది.

మరుసటి రోజు ఒక్కో సరుకు దగ్గర ఒక్కో బుట్ట పెట్టి, సరుకు తీసినప్పుడల్లా అందులో ఒక శెనక్కాయ వేయమని హమాలీలకు చెప్పింది. వారానికి రాగుల బుట్ట నిండింది. ఏలకుల బుట్టలో మూడే కాయలున్నాయి. చింతపండు, ఎండుమిరపకాయల బుట్టల్లో కాయలు దాదాపు సమానం. ఒకటి అడిగిన చీటీ రెండోదీ అడిగేది.

ఆమె రాగుల మూటలను వాకిలి పక్కకు తెప్పించింది. నేల మీది నుంచి ఎత్తే బాధ తప్పేలా నడుమెత్తు బండ అరుగు మీద పేర్పించింది. చింతపండు, మిరపకాయలు పక్కపక్కన చేరాయి. నెయ్యి వెనక్కి పోయింది. ఏలకులు సెట్టి వెనకున్న బీరువాలో తాళం కిందికి వెళ్లాయి. రాగుల దూరం 10 అడుగులైంది, రోజు నడక 800కి దిగింది. దీపాలు పెట్టకముందే ఆటోలు వెళ్లిపోయాయి.

తొలకరి పడింది. అందరూ శెనక్కాయ విత్తనం అడిగారు, అది వెనక మూలన ఉంది. కుదిరిన అమరికను కదపనని సెట్టి మొండికేశాడు. నెల తిరగకముందే నేల మీద ఇంకో దారి అరిగింది. కోడలు మళ్లీ బుట్టలు పెట్టింది. మరుసటి ఉగాదికి సెట్టే పొరక పట్టుకుని గోడౌన్‌లోకి నడిచాడు.

వెల చూసి సరుకుకు చోటిస్తే, ఆ తప్పుకు బదులు తీర్చేవి మోసేవాడి మోకాళ్లు. ఎన్నిసార్లు చేయి పడుతుందో లెక్కబెట్టి చోటివ్వాలి, కాలం మారినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ తీయాలి. పని ఆలస్యమైందని ఒక మనిషిని సోమరి అనే ముందు, అతను రోజూ తొక్కే నేలను వంగి చూడాలి.