మిగిలిన తొమ్మిది భాగాలు ఎవరివి?

ప్రియులారా, గృహనిర్వాహకత్వం అనగానే చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, దశమభాగం ఇచ్చేస్తున్నాం కదా, ఇంకేముంది?" ఈ రోజు ఆ మిగిలిన తొమ్మిది భాగాల గురించే నాలుగు మాటలు చెబుతాను.

మన కడప జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గర కలమల్ల ఉంది. ఇప్పుడైతే థర్మల్ కరెంటు కేంద్రం ఉన్న ఊరంటే అందరికీ తెలుస్తుంది. ఆ ఊరి చెన్నకేశవ ఆలయ ప్రాంగణంలోనే ఎరికల్ ముత్తురాజు ధనంజయుడనే రేనాటి చోళరాజు శాసనం దొరికింది. అది క్రీ.శ. 575 నాటిదనీ, దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదనీ పండితులు చెబుతారు. రాతిమీద చాలా అక్షరాలు చెరిగిపోయాయి గానీ, చివర్లో పంచమహాపాతకాల మాట మాత్రం మిగిలింది. పాత దాన శాసనాల్లో ఆ మాట ఎందుకు వేయించేవాళ్లు? తర్వాత వచ్చేవాడు ఆ దానాన్ని చెడగొట్టకూడదని. చేతికొచ్చిందంతా నాదే అనుకోవడం మనిషికి ఎంత సులువో ఆ కాలంవాళ్లకే తెలుసన్నమాట.

దేవుని వాక్యం ఇంకా లోతుకు వెళ్తుంది. భూమీ దాని సంపూర్ణతా యెహోవావే అని 24వ కీర్తన మొదలవుతుంది. అంటే పది భాగాలూ ఆయనవే. గృహనిర్వాహకుడిలో చూసేది నమ్మకత్వం అని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (1 కొరింథీ 4:2). ఎంత సంపాదించావని కాదు, అప్పగించినదాన్ని ఎలా చూసుకున్నావని.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. నీ చేలో శనగ కోసిన అక్కకు కూలి ఇచ్చావా? నాపరాయి గనిలో నీ కింద పనిచేసిన తమ్ముడికి లెక్క తేల్చావా? కూలివాని జీతం తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 చెబుతోంది. బిగబట్టిన కూలి మొర పెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తోంది. శనివారం ఆమెకు ఇవ్వాల్సిన ఐదు వందలు ఆదివారం కానుక పెట్టెలో వేస్తే అది కానుక ఎలా అవుతుంది? ఆమె సొమ్ముతో నువ్వు పేరు తెచ్చుకున్నట్టు కాదా? ఆ రాత్రి ఆమె ఇంట్లో పొయ్యి వెలగలేదేమో, ఆలోచించు.

పొదుపు సంఘం డబ్బు బ్యాంకులో కట్టే ముందు నాలుగు రోజులు నీ చేతిలో ఉంటుంది. "వాడుకుని పెట్టేద్దాంలే" అనిపిస్తుంది. అక్కడే పరీక్ష. కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ ఉంటాడని ప్రభువు చెప్పింది ఇలాంటి చోట్లకే (లూకా 16:10).

అన్నం సంగతీ అంతే. ఐదువేల మందికి రొట్టెలు పంచిన ప్రభువు, మిగిలిన ముక్కలు పారేయనివ్వలేదు. పన్నెండు గంపలు ఎత్తించాడు (యోహాను 6). పుట్టించగలిగినవాడే పారేయొద్దన్నాడు!

పేదవాళ్లం, మాకేం గృహనిర్వాహకత్వం అంటారా? 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారి సంఘాల్లో ఎక్కువమంది పల్లె కూలీలే. అక్కడి తల్లులు అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుని పనికి తీసి పెట్టేవాళ్లు. ఆ పిడికెడు తీసిన చెయ్యికి, కుండలో మిగిలినదీ దేవుడిచ్చిందేనని ప్రతి పూటా గుర్తొచ్చేది.

కాబట్టి ప్రియులారా, ఈ వారం ఒక్క పని చేయండి. కాగితం తీసుకుని, మీ దగ్గరున్న ఇతరుల సొమ్ము రాయండి: కూలి, అప్పు, చీటీ, అడిగి తెచ్చుకున్న వస్తువు. ఆదివారం లోపు ఒక్కటైనా తీర్చి, తర్వాత కానుక పట్టుకుని రండి.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, పది భాగాలూ నీవే. మా దగ్గర ఆగిపోయిన కూలివాని సొమ్మును మాకు గుర్తుచెయ్యి. లెక్క అప్పగించే రోజున మేము తలెత్తుకుని నీ ఎదుట నిలబడేలా సాయం చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.