ఇచ్చిన రక్తం ఎవరిది?

కెనడా పడమటి తీరాన వాంకూవర్ దీవిలో నూ-చా-నుల్త్ అనే ఆదివాసీ జనం ఉన్నారు. సముద్రాన్ని నమ్ముకుని బతికిన వాళ్లు. వాళ్లలో రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనే కీళ్లవాతం ఎక్కువగా కనిపించేది. బయటి క్రిముల మీదికి పోవాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత కీళ్లనే తినే జబ్బు అది. 1980లలో రిక్ వార్డ్ అనే జన్యుశాస్త్రవేత్త వచ్చి, దీని మూలం మీ రక్తంలో ఉందేమో వెతుకుతానన్నాడు. 883 మంది చేతులు చాపారు.

వెతికిన జన్యువు దొరకలేదు. రక్తం తిరిగి రాలేదు. అతనితోపాటు అమెరికాకు, అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు పోయింది. ఈ జనం పూర్వీకుల మూలాలు తేల్చే పరిశోధనలకు దాన్ని వాడారు. 1991లో వ్యాసం కూడా అచ్చయింది. ఇచ్చిన వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

"జ్ఞానం కోసమే కదా, ఎవరికి నష్టం?" అనే చదువుకున్న వాళ్లు మనలోనూ ఉన్నారు. నొప్పి తగ్గాలని ఇచ్చిన రక్తంతో, అడగకుండా మన పుట్టుక కథ తిరగరాయడం నష్టం కాదా? పైగా జన్యువు ఒక్కరిది కాదు. అన్నదమ్ములది, మేనమామది, ఇంకా పుట్టని మనవరాలిది కూడా. ఒక్కరి వేలిముద్ర ఇంతమందికీ చెల్లుతుందని మేము అనుకోవడం లేదు.

అలాగని సూదే వద్దనడం లేదు. సికిల్ సెల్ పరీక్ష లేకపోతే బిడ్డ ఒళ్లునొప్పులతో ఎందుకు ఏడుస్తోందో మనకే తెలిసేది కాదు. అయితే "వాళ్ల రక్తమే అంత" అనే మాట దగ్గర జాగ్రత్త కావాలి. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఈ కీళ్లవాతం వస్తే, రెండో వాళ్లకు వచ్చేది నూటికి 15 మంది అటూ ఇటూ. జన్యువులన్నీ ఒకటే అయినా అంతే. మిగతాది పొగతాగడం లాంటి ఇతర కారణాలది. జబ్బును రక్తం మీదికి నెడితే మంచినీళ్లు, తిండి, ఆసుపత్రి గురించి అడిగే పని ఉండదు, కొందరికి అదే సుఖం.

వార్డ్ 2003లో చనిపోయాడు. మరుసటి ఏడు ఆ రక్తం నూ-చా-నుల్త్ జనానికి తిరిగి వచ్చింది. 2007లో కెనడా ఆరోగ్య పరిశోధన సంస్థ రాసుకున్న నియమాల్లో, ఆదివాసుల నుంచి తీసుకున్న నమూనా పరిశోధకుడి దగ్గర అరువు కింద ఉన్నట్టే అన్నారు. అరువు మనకు కొత్త కాదు. విత్తనాలు కొలిచి ఇస్తాం, పంట వచ్చాక కొలిచి తీసుకుంటాం.

ఇచ్చేది ఎవరన్నదే చిక్కు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ ఆడపిల్లల తరఫున చాలా చోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టారు. తల్లిదండ్రులు ఆ కాగితం చూడలేదు. ఈ పుస్తకం చదివే టీచర్లలో రేపు అలాంటి కాగితం బల్ల మీదికి వచ్చేవాళ్లు ఉంటారు. అందులో మొదట చూడాల్సింది అది ఏ భాషలో ఉందని. తర్వాత, పని అయ్యాక మిగిలిన రక్తాన్ని ఏం చేస్తారో రాశారా అని.