అతుకు అతికిందని తెలిసేదెలా?

కొండమీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పుంది. తర్కం చదవబోయే ప్రతివాడికీ మొదట ఎదురయ్యే ఉదాహరణ ఇది. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు కొత్తగా చదివేవాళ్ల కోసం రాసిన తర్కసంగ్రహంలోనూ అనుమాన ప్రమాణం, అంటే కనబడే గుర్తుని బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడం, దీనితోనే నడుస్తుంది. పొగ నుంచి నిప్పుకి వెళ్లొచ్చు సరే, నిప్పు నుంచి పొగకి వెళ్లొచ్చా? కుదరదంటారు నైయాయికులు, అంటే న్యాయ దర్శనపు తార్కికులు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకి తడి కట్టె తోడవ్వాలి. లెక్కను తెరవెనక నుంచి నడిపించే ఈ తోడుని వాళ్లు ఉపాధి అన్నారు.

ఎలక్ట్రానిక్ బోర్డుల మీద లోహం కరిగించి అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ అచ్చంగా అలాంటి ఇనుప గుండే. 350 డిగ్రీల సెల్సియస్ వేడిమీద ఉన్నా దాని శుభ్రమైన టిప్ నుంచి పొగ రాదు. లెడ్ వైరు, అంటే అతుకు వేసే సోల్డర్ తీగ, తగలగానే పొగ తెల్లగా లేస్తుంది. కొత్తవాళ్లు సీసమే ఆవిరైపోతోందని భయపడతారు. సీసం మరిగేది 1,749 డిగ్రీల దగ్గర. ఐరన్ వేడికి అది ఆవిరయ్యేది లెక్కలోకి రానంత. ఆ పొగ వైరు లోపల నింపిన ఫ్లక్స్‌ది, అంటే పైన్ చెట్ల జిగురు నుంచి తీసిన రోజిన్‌ది. అలాగని పీల్చవచ్చని కాదు, ఏళ్ల తరబడి పీలిస్తే ఆస్తమా రావొచ్చు. సీసం ఒంట్లోకి పోయే దారి మాత్రం వేరు: వైరు పట్టుకున్న వేళ్లతోనే మిరపకాయ బజ్జీ తినడం. పొగకి ఫ్యాను పెట్టుకుని చేతులు కడుక్కోవడం మరిచిపోయేవాళ్లది తర్కదోషమే.

హాబీగా ఎలక్ట్రానిక్స్ పట్టుకున్నవాళ్లకి ఇంతకన్నా గట్టి ప్రశ్న ఇంకోటుంది. వేసిన అతుకు నిజంగా అతికిందని తెలిసేదెలా?

పద్ధతి చెప్పుకోవడానికి చిన్నదే. టిప్‌ని తడి స్పాంజి మీద తుడిచి, కాస్త లెడ్ పూసి, పీసీబీ మీది రాగి ప్యాడ్‌కీ కాంపొనెంటు కాలికీ ఒకేసారి ఆనించాలి. రెండూ వేడెక్కాక లెడ్‌ని ఆ రెండూ కలిసేచోట అందించాలి, ఐరన్‌కి కాదు. ముందు వైరు తీయాలి, తర్వాత ఐరన్. గట్టిపడేదాకా కదపకూడదు. అంతా కలిపి రెండు మూడు సెకన్ల పని. రాగి మీద పలచని ఆక్సైడ్ పొర ఉంటుంది, కరిగిన లోహాన్ని అది అంటనివ్వదు. ఫ్లక్స్ ఆ పొరని తొలగిస్తుంది. లెడ్‌ని టిప్ మీదే కరిగించి మోసుకొస్తే దారిలోనే ఫ్లక్స్ కాలిపోయి, ప్యాడ్ మీద ఉత్త ముద్ద పడుతుంది. సవ్యంగా జరిగితే తగరమూ రాగీ కలిసి, కొద్ది మైక్రాన్ల మందాన, అటు రాగీ ఇటు తగరమూ కాని కొత్త సమ్మేళనం పుడుతుంది. అతుకంటే నిజానికి ఆ పొరే. చిక్కల్లా అది కంటికి ఆనదు.

కనబడనిదాన్ని కనబడే గుర్తుతో పట్టుకోవాలి. చాలాకాలం ఆ గుర్తు మెరుపు. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు కలిపిన లోహం 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, చల్లారితే అక్కడే గడ్డకడుతుంది. బాగా అతికితే నిగనిగలాడుతుంది, గట్టిపడేటప్పుడు కదిలితే మసకబారుతుంది. మెరిస్తే మంచిది, మసకైతే చెడ్డది: చూడబోతే తిరుగులేని వ్యాప్తి, అంటే గుర్తుకీ విషయానికీ తప్పని జోడి. 2006 జులై 1న యూరోపియన్ యూనియన్‌లో ఎలక్ట్రానిక్ వస్తువుల్లోని సీసం మీద ఆంక్షలు అమల్లోకి వచ్చాయి. సీసం కలిపినదాని బదులు వచ్చిన, తగరం, వెండి, రాగి కలిపిన కొత్త లోహం 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. చక్కగా అతికినా తరచు గరుగ్గా, మసగ్గానే కనిపిస్తుంది. పాత గుర్తుతో చూసే కంటికి మంచి అతుకు కూడా చెడ్డదైపోయింది. మెరుపుకీ మంచికీ ఇన్నాళ్లూ పొత్తు కుదిర్చింది సీసం. అదే ఇక్కడి ఉపాధి. రెండు లోహాలకీ పనికొచ్చే గుర్తు వేరే ఉంది: కరిగిన లోహం కాలి చుట్టూ లోపలికి వంగిన వాలుగా పరుచుకుని, అంచు ప్యాడ్‌లోకి పలచగా కలిసిపోవడం. ఉబ్బిన ముద్దగా నిలబడితే ఎంత మెరిసినా నమ్మకూడదు.

ఇక్కడ మరో దర్శనం వాళ్లు, మీమాంసకులు, అడ్డు రావొచ్చు. జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం, దోషం బయటపడితేనే కొట్టేయాలన్నది కుమారిల భట్టు వర్గం వాదం. నైయాయికులు ఒప్పుకోరు. నీళ్లున్నాయనుకుని వెళ్లినవాడి దాహం తీరితేనే ఆ తెలివిడి సరైనదని రుజువైనట్టు. అతుకు మీద మల్టీమీటర్ ఆనించి బీప్ వినడం ఈ రెండో దారి. దాంతోనే చాలామంది తృప్తిపడతారు. కానీ సరిగా అతకని అతుకు, అంటే డ్రై సోల్డర్, కూడా బీప్ అంటుంది. లోహాలు ఒకదానికొకటి ఆనుకున్నంతసేపూ కరెంటు పోతుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ నెత్తిన ఒక్కటిస్తే బొమ్మ తిరిగొచ్చేది. చాలాసార్లు లోపల వదులైన అతుకు ఆ దెబ్బకి కాసేపు ఆనుకునేది, అంతే.

అలా కాసేపు పనిచేసి మళ్లీ మొరాయించే అతుకు ప్రాణాల మీదికీ తేవచ్చు. 2014 డిసెంబర్ 28న సురబయ నుంచి సింగపూర్ వెళ్తున్న ఎయిర్ ఏషియా ఎయిర్‌బస్ ఏ320 జావా సముద్రంలో కూలింది. అందులోని 162 మందీ చనిపోయారు. చుక్కాని కదలికకి హద్దు పెట్టే యూనిట్‌లో సోల్డర్ అతుకు పగిలి ఉందని ఇండోనేషియా దర్యాప్తు తేల్చింది. ఆ పగులొక్కటే విమానాన్ని కూల్చలేదు. పదేపదే వస్తున్న హెచ్చరిక తర్వాత ఆటోపైలట్ పోవడం, పైలట్ల చేతిలో అదుపు తప్పడం తోడయ్యాయి. అంతకుముందు ఏడాది కాలంలో ఆ యూనిట్ 23 సార్లు మొరాయించింది. రీసెట్ చేస్తే మళ్లీ పనిచేసేది.

ఫలితమూ చాలదంటే నేరుగా చూడటమే మిగిలింది. అతుకుని అడ్డంగా కోసి, నునుపు చేసి, మైక్రోస్కోప్ కింద పెడితే కొత్త సమ్మేళనం పొర కనిపిస్తుంది. కోసిన బోర్డు ఇక పనికిరాదు. అందుకని ఫ్యాక్టరీలు కొన్నిటినే కోసి చూసి, అదే వేడిమీద అదే సోల్డర్‌తో వచ్చిన మిగతావాటికి అనుమాన ప్రమాణాన్ని ఆశ్రయిస్తాయి. యంత్రం ప్రతిసారీ ఒకే తీరున పనిచేస్తుంది కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. ఇంట్లో బల్లముందు కూర్చున్నవాడి చెయ్యి అలా కాదు. ఒక అతుకు చూసి పక్కదాని గురించి చెప్పాలంటే ముందు ఆ చేతికి ఒకే తీరు రావాలి. పాడైపోయిన బోర్డు ఒకటి ముందేసుకుని, వరసగా ఒకే రకం అతుకులు వేసి, మధ్యమధ్య కొన్నిటిని పీకి చూడటం అందుకే.