రెండవ స్థానములోని సేవ

ధ్యాన భాగము: నిర్గమకాండము 17:8–13

అండమాన్ దీవులలోని హాడో రేవునకు విశాఖపట్నమునుండియు చెన్నైనుండియు ఓడలు వచ్చుచుండును. పెద్ద ఓడ ఒంటరిగా గట్టును చేరుట కష్టము గనుక చిన్న టగ్గు పడవ దాని ప్రక్కను చేరి మెల్లగా నెట్టును. దిగివచ్చువారు ఓడ పేరు జ్ఞాపకముంచుకొందురు. టగ్గు పేరు అడుగువారు అరుదు.

రేవులోను కార్యాలయములోను సంఘములోను ఇట్టి ప్రక్కపని చేయువారు అనేకులు. “ఎన్నాళ్లు నేను రెండవవాడనై యుందును?” అను ప్రశ్న వారి హృదయమును బాధించుచుండును.

హైదరాబాదు ఫుట్‌బాల్ క్రీడాకారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960లో రోము ఒలింపిక్స్‌నకు వెళ్లిన భారత జట్టులో ఒకడు. జట్టు శిక్షకుడు ఆయన తండ్రియైన రహీమే. అయినను హకీమునకు ఒక్క ఆటయందైనను మైదానములో దిగు అవకాశము కలుగలేదు. నాడు జట్టు నాయకుడు పి.కె. బెనర్జీ. ఇరువదిరెండు సంవత్సరముల తరువాత, 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో, ఆ బెనర్జీయే శిక్షకుడు. హకీం ఆయనకు సహాయ శిక్షకుడు. తుది నిర్ణయము సహాయకునిది కాదు. గెలిచినను మొదటి పేరు అతనిది కాదు. ఆ యేట గెలుపును దొరకలేదు; క్వార్టర్ ఫైనలులో సౌదీ అరేబియా భారత జట్టును ఓడించెను. హకీం ఆటను విడువలేదు. మహీంద్ర, సల్గావ్‌కర్ జట్లకు ప్రధాన శిక్షకుడాయెను. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము పొంది, 2021లో కన్నుమూసెను.

అయితే ప్రతి సహాయకునికి ప్రథమస్థానము దొరకదు. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరియొక ప్రక్కను నిలిచి, సూర్యుడస్తమించువరకు వాటిని ఆదుకొనిరి. క్రింద యుద్ధము చేసిన యెహోషువ తరువాత ఇశ్రాయేలుకు నాయకుడాయెను. హూరును గూర్చి లేఖనములు చెప్పునది బహు కొద్ది. అయినను ఆ మధ్యాహ్నము హూరు అలసి తన చేయి తీసివేసినయెడల యెహోషువ ఖడ్గము గెలిచియుండునా?

ప్రియ చదువరీ, నీవు ఆదుకొనుచున్న చేయి ఎవరిది? నీ పైయధికారిదా? నీ కాపరిదా? మంచము పట్టిన నీ తల్లిదా? పైస్థానము ఎప్పుడు వచ్చునని లెక్కించుట మాని, సాయంకాలమువరకు ఆ చేతిని విడువకుము. దేవుడు నీ స్థానమును కాదు, నీ నమ్మకత్వమును చూచుచున్నాడు.

ప్రార్థన: ప్రభువా, సేవకుని రూపము ధరించినవాడా, ఇతరుల ఘనతనుబట్టి మాలో పుట్టు అసూయను తీసివేయుము. మాకప్పగించిన ప్రక్కపనిని సంతోషముతో ముగించు కృప దయచేయుము. ఆమేన్.